అమ్మకు చెప్పకుండా ఆ ఫారం మీద సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. మా అమ్మకు 58 ఏళ్లు. రొమ్ములో గడ్డ కనిపిస్తే హైదరాబాద్ తీసుకెళ్లి చూపించాం. క్యాన్సర్ అన్నారు. ముందు కీమో ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేస్తారట. ఆరోగ్యశ్రీలో అవుతుందన్నారు. మొన్న డాక్టరు గారు పిలిచి, "ఒక క్లినికల్ ట్రయల్ నడుస్తోంది, మీ అమ్మగారు దానికి సరిపోతారు. మామూలు కీమో ఎలాగూ ఇస్తాం. దానికి తోడు సగం మందికి కొత్త మందు, సగం మందికి ప్లాసిబో" అని చెప్పారు. ఫేజ్ 3 అట. 22 పేజీల ఫారం ఇచ్చారు, అంతా ఇంగ్లీషే. చివరి పేజీలో నామినీ పేరు, అమ్మ సంవత్సర ఆదాయం రాయమని ఉంది. అది చూశాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా బావేమో "మనవైపు ఆడపిల్లలకు సూదులు వేసి ఏం చేశారో మర్చిపోయావా? గినీ పిగ్‌ను చేస్తారు" అంటున్నారు. ఇంకో సంగతి, అమ్మకు క్యాన్సర్ అని చెప్పలేదు. గడ్డ కరగడానికి మందులని చెప్పాం. తను ఏడో తరగతి దాకా చదివింది, రోజూ పేపర్ చూస్తుంది. తెలిస్తే తట్టుకోలేదని భయం. నేను సంతకం పెడితే సరిపోతుందా? అసలు చేర్చాలా, వద్దా? గురువారం రమ్మన్నారు.
పేరు వద్దు, ఖమ్మం జిల్లా

సమాధానం:

బాబూ, మీరు చివర్లో అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. మీరు సంతకం పెడితే సరిపోదు. మీ అమ్మగారు స్పృహలో ఉన్నారు, మంచీ చెడూ తెలిసిన మనిషి. అలాంటి మనిషి తరఫున కొడుకైనా, భర్తయినా సంతకం పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. చిన్నపిల్లలో, స్పృహలో లేనివాళ్లో, మతి స్థిమితం లేనివాళ్లో అయితేనే ఇంట్లోవాళ్లు వాళ్ల బదులు సంతకం పెట్టాలి. చదువు రానివాళ్ల విషయంలో కూడా, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనే కూర్చుని, మొదటినుంచి చివరిదాకా అంతా విన్నాకే వేలిముద్ర తీసుకోవాలి. మీ అమ్మగారికి చదవడం వచ్చు. కాబట్టి చదవాల్సింది ఆవిడే, అడగాల్సింది ఆవిడే, ఒప్పుకోవాల్సిందీ ఆవిడే.

నేనెవరో కూడా చెప్పాలి. నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆ తర్వాత ఒక ఆసుపత్రివాళ్లు తమ ఎథిక్స్ కమిటీలో నన్ను సభ్యురాలిగా తీసుకున్నారు. ఆసుపత్రిలో ఏ మందు మీద ట్రయల్ జరపాలన్నా ఇలాంటి కమిటీ ముందుగా ఒప్పుకోవాలి. అందులో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మందికి ఆ ఆసుపత్రితో సంబంధం ఉండకూడదు. న్యాయం తెలిసినవారు ఒకరు, ఒక మహిళ, వైద్యంతో పనిలేని మామూలు మనిషి ఒకరు తప్పనిసరి. ఆ మామూలు మనిషిని నేను. పేషెంటుకు ఇచ్చే తెలుగు కాగితం చదివి, ఇది మా ఊళ్లోవాళ్లకు అర్థమవుతుందా అని చూడటమే నా ముఖ్యమైన పని.

మొదటి మీటింగులో నా చేతికొచ్చిన ఫారంలో "మీరు యాదృచ్ఛికీకరణ ద్వారా ఒక సమూహానికి కేటాయించబడతారు" అని ఉంది. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని, నేనే రెండుసార్లు చదువుకున్నాను. కీమో ఎక్కించుకుని నీరసంగా మంచం మీద ఉన్న మనిషికి అదేం తలకెక్కుతుంది? "చీటీ తీసినట్టు కంప్యూటర్ మిమ్మల్ని ఒక గుంపులో వేస్తుంది. ఏ గుంపులో పడాలన్నది మీరు గానీ మీ డాక్టరు గానీ ఎంచుకోలేరు" అని మార్చమన్నాను. మార్చారు. మీకు ఇంగ్లీషు ఫారం ఒక్కటే ఇచ్చారంటే, గురువారం వెళ్లగానే తెలుగు ఫారం అడగండి. పాల్గొనే మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వడం వాళ్ల బాధ్యత. అది వచ్చేదాకా పెన్ను తీయొద్దు.

ఇక ట్రయల్ అంటే ఏమిటో చెబుతాను. ఒక చికిత్స పనిచేస్తుందా లేదా అని మనుషుల్లో పరీక్షించి చూడటమే ట్రయల్. జవాబు తెలియని ప్రశ్న ఉంటేనే ట్రయల్ పెడతారు. కొత్త మందు మంచిదని ముందే తెలిస్తే అందరికీ ఇచ్చేస్తారు, చెడ్డదని తెలిస్తే ఎవరికీ ఇవ్వరు. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్లాస్మా కోసం, అంటే జబ్బు తగ్గినవాళ్ల రక్తంలోంచి తీసే ద్రవం కోసం, మనం పడిన పాట్లు గుర్తున్నాయా? తగ్గినవాళ్ల నంబర్లు వెతికి, తెలియని మనుషులకు ఫోన్లు చేసి బతిమాలాం. ప్లాస్మా ఎక్కిస్తే బతుకుతారని అందరం నమ్మాం. అదే సమయంలో మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద ట్రయల్ చేసింది. కొందరికి మామూలు చికిత్సతో పాటు ప్లాస్మా ఇచ్చారు, కొందరికి మామూలు చికిత్స మాత్రమే. జబ్బు ముదరడమో, చనిపోవడమో జరిగింది ప్లాస్మా ఎక్కించినవాళ్లలో నూటికి 19 మందికి, ఎక్కించనివాళ్లలో నూటికి 18 మందికి. అంటే తేడా ఏమీ లేదు. 2021 మే నెలలో ప్లాస్మాను కరోనా చికిత్స సూచనల్లోంచి తీసేశారు. ఇంకోవైపు, ఎప్పటినుంచో వాడుకలో ఉన్న చవక మందు డెక్సామెథసోన్ మీద బ్రిటన్‌లో ట్రయల్ చేస్తే, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయని తేలింది. ఈ రెండూ నమ్మకంతో తేలేవి కావు. చీటీ తీసి రెండు గుంపులు చేసి, పోల్చి చూస్తేనే తేలాయి.

అందుకే రెండో గుంపు పెడతారు. ప్లాసిబో అంటే చూడటానికి మందులాగే ఉండి, లోపల మందు లేనిది. అది మీ అమ్మగారికి వస్తే వైద్యం లేకుండా వదిలేసినట్టు కాదు. మీరు రాసిన ప్రకారం కీమో రెండు గుంపులకూ ఇస్తారు. ఆ పైన చేర్చేదాంట్లోనే తేడా. ఇది చాలా ముఖ్యమైన మాట కాబట్టి డాక్టరు నోటితో చెప్పించుకోవడంతో సరిపెట్టుకోకండి, ఫారంలో ఎక్కడ ఉందో చూపించమనండి. ఎవరికి ఏది వెళ్తోందో పేషెంటుకూ తెలియదు, చాలా ట్రయల్స్‌లో డాక్టరుకూ తెలియదు. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితిలో మాత్రం ఆ రహస్యాన్ని విప్పి చూసే ఏర్పాటు ఉంటుంది.

ఫేజ్ 3 అన్నారు కాబట్టి ఇంకో మాట. ఫేజ్ 1లో కొద్దిమందికే ఇచ్చి, ఎంత మోతాదు తట్టుకోగలరో చూస్తారు. ఫేజ్ 2లో ఆ జబ్బు ఉన్నవాళ్లకు ఇచ్చి పనిచేసే సూచనలు ఉన్నాయో లేదో చూస్తారు. ఆ రెండూ దాటాకే ఫేజ్ 3కి వస్తుంది, అక్కడ ఎక్కువమంది మీద ఇప్పుడున్న చికిత్సతో పోల్చి చూస్తారు. అంటే మీ అమ్మగారు ఆ మందు తీసుకునే మొదటి మనిషి కారు. అలాగని నష్టం ఉండదనీ కాదు. ఫేజ్ 3 దాకా వచ్చి పనికిరాకుండా పోయిన మందులు చాలా ఉన్నాయి.

ఇక్కడే పేషెంట్లు ఎక్కువగా పొరపడతారు. "డాక్టరు గారు మా కోసం స్పెషల్ మందు తెప్పిస్తున్నారు" అనుకుంటారు. కాదు. ట్రయల్ ముందుగా ఉపయోగపడేది రేపటి పేషెంట్లకు. మీ అమ్మగారికి మేలు జరగొచ్చు, జరగకపోవచ్చు. మీద పడే భారం మాత్రం ఖాయం: ఎక్కువ రక్త పరీక్షలు, ఎక్కువ స్కాన్లు, ఖమ్మం నుంచి హైదరాబాద్‌కు ఎక్కువ ప్రయాణాలు. కొన్నిసార్లు పరీక్ష కోసం గడ్డలోంచి ముక్క (బయాప్సీ) మళ్లీ తీస్తారు. కీమో అయిన మూడో రోజున వాంతులతో ఉన్న మనిషిని బస్సెక్కించాల్సి వస్తుందా లేదా అన్నది ట్రయల్ షెడ్యూల్ చూస్తే తెలుస్తుంది. ఆ షెడ్యూల్ పట్టిక ఫారంతో పాటు అడగండి. మందు పేరు కంటే ఆ పట్టిక ముఖ్యమని నేనంటాను.

మీ బావగారి కోపాన్ని తేలిగ్గా తీసేయను. ఆయన అన్నది 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేసిన సంగతి. గుజరాత్‌లోనూ వేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ మరణాలకు వ్యాక్సిన్ కారణమన్న ఆధారం విచారణలో దొరకలేదు. ఆ వ్యాక్సిన్‌ను ఇప్పుడు చాలా దేశాల్లో పిల్లలకు వేస్తున్నారు. కానీ అక్కడ జరిగిన తప్పు వేరు. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టినవని 2013లో పార్లమెంటరీ కమిటీ రిపోర్టులో వచ్చింది. అమ్మానాన్నలకు తెలియకుండా, వాళ్ల పిల్లల తరఫున వేరేవాళ్లు సంతకం పెట్టారు. మీ బావగారికి కోపం వచ్చింది ఇందుకే అయితే, ఆ కోపం న్యాయమైనది. ఒక్కసారి ఆలోచించండి బాబూ, ఇప్పుడు అమ్మకు తెలియకుండా అమ్మ తరఫున మీరు సంతకం పెడతానంటున్నారు. మీది ప్రేమే, కాదనను. అయినా జరిగేది అదే పని.

ఆ తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి. 2013లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. 2019లో కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి. మందు సరికొత్తదై, పాల్గొనేవారు తేలిగ్గా ఒత్తిడికి లొంగే పరిస్థితిలో ఉన్నవారైతే, అంగీకారం తీసుకోవడాన్ని వీడియో తీయాలి. కాబట్టి గదిలో కెమెరా కనిపిస్తే కంగారు పడకండి. అది మీ అమ్మగారికి రక్షణే.

నామినీ సంగతి కూడా అంతే. అది చూసి మీరొక్కరే కాదు, చాలామంది బెదిరిపోతారు. ఒక పెద్దాయన ఆ పేజీ చూసి, ఫారం మడిచి జేబులో పెట్టుకుని చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్లిపోయారని మా కోఆర్డినేటర్ ఒకసారి చెప్పింది. నామినీ పేరు, వృత్తి, ఆదాయం అడగడం నిబంధనల్లో ఉన్న ఫారం పద్ధతి. పాల్గొనే ప్రతివారినీ అడుగుతారు. బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడు నామినీ రాస్తాం కదా, అలాంటిదే. ట్రయల్ వల్ల ప్రాణం పోతే కుటుంబానికి పరిహారం ఇవ్వాలి, అది ఎవరికి చేరాలో ముందే రాసుకుంటారు. 8 లక్షల రూపాయల మూల మొత్తం తీసుకుని, వయసునూ జబ్బు తీవ్రతనూ బట్టి లెక్కకట్టే సూత్రం నిబంధనల్లోనే ఉంది. ప్రాణం దాకా రాకుండా వేరే నష్టం జరిగినా పరిహారం ఉంటుంది. ట్రయల్లో ఉండగా ఏ ఇబ్బంది వచ్చినా వైద్యం ఉచితంగా మొదలుపెట్టాల్సిందే. అది ట్రయల్ వల్ల వచ్చింది కాదని తేలేదాకా, లేదా అవసరం ఉన్నంతకాలం ఆ వైద్యం సాగాలి. ఆసుపత్రిలో చేరాల్సినంత ఇబ్బంది అయితే డాక్టరు 24 గంటల్లో ఢిల్లీలోని ఔషధ నియంత్రణ సంస్థకూ, కంపెనీకీ, మా లాంటి కమిటీకీ తెలియజేయాలి. అలాంటి రిపోర్టులు మా ముందుకు వస్తాయి, ఒక్కొక్కటీ చదివి ప్రశ్నలు అడుగుతాం.

డబ్బు సంగతికి వస్తే, ట్రయల్ మందుకూ, ట్రయల్ కోసమే అదనంగా చేసే పరీక్షలకూ మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. మామూలు కీమో ఎవరి ఖర్చు, ఆరోగ్యశ్రీ కిందే నడుస్తుందా, దారి ఖర్చులు ఎంత ఇస్తారు అన్నది ఫారంలో రాసి ఉండాలి. లేకపోతే రాయించండి. ఎవరైనా "చేరితే ఇంత డబ్బు ఇప్పిస్తాను" అని మధ్యలో వస్తే మాత్రం అక్కడినుంచి లేచి వచ్చేయండి. చేరనంటే మామూలు చికిత్స ఆపేస్తారన్న భయం వద్దు. ఆపడానికి వీల్లేదు. చేరాక మధ్యలో వద్దనుకున్నా కారణం చెప్పక్కర్లేదు, మానేయొచ్చు. అయితే చెప్పకుండా రావడం మానేయకండి, మందు ఎలా ఆపాలో డాక్టరు చెప్పాలి.

గురువారం అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. మొదటిది సీటీఆర్ఐ నంబరు. మన దేశంలో జరిగే ట్రయల్స్ అన్నీ ఆ రిజిస్ట్రీలో ముందుగా నమోదు కావాలి. నంబరు సీటీఆర్ఐ అని మొదలై సంవత్సరం, నెల, అంకెలతో ఉంటుంది. మీ ఫోన్‌లోనే ఆ సైటు తెరిచి నంబరు కొడితే ఎవరు చేయిస్తున్నారు, ఏ ఏ ఆసుపత్రుల్లో జరుగుతోంది, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా లేదా అన్నీ కనిపిస్తాయి. మీ ఆసుపత్రి పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూడండి. రెండోది, అర్ధరాత్రి జ్వరం వస్తే చేయాల్సిన ఫోన్ నంబరు. ఫారంలో ట్రయల్ డాక్టరు నంబరుతో పాటు ఎథిక్స్ కమిటీ నంబరు కూడా ఉంటుంది. ఆ రెండో నంబరుకు మొహమాటపడి ఎవరూ చేయరు, దయచేసి చేయండి. మేం ఉన్నదే దానికి. అన్నట్టు, చాలా ఫారాల్లో "మీ కణితి ముక్క, రక్తం దాచి ముందు ముందు వేరే పరిశోధనకు వాడొచ్చా" అని విడిగా ఒక గడి ఉంటుంది. మిగతా అంతా ఒప్పుకుని దానికి మాత్రం వద్దని టిక్ పెట్టే వీలుందేమో అడగండి. ఇంట్లో ఎవరైనా ఆకు పసరో, చూర్ణమో ఇస్తుంటే అది కూడా డాక్టరుకు చెప్పేయండి. తిడతారని దాస్తే, ఏ మందు వల్ల ఏమైందో ఎవరూ తేల్చలేరు.

ఇప్పుడు అమ్మ సంగతి. తట్టుకోలేదని భయమన్నారు. మా అక్కకు జబ్బు చేసినప్పుడు మేమూ ఇదే అన్నాం. నలుగురం కూడబలుక్కుని "గర్భసంచిలో పుండు" అని చెప్పాం. వార్డు ముందు ఆంకాలజీ, అంటే క్యాన్సర్ విభాగం, అని బోర్డు ఉంది, ఇంగ్లీషు రాదు కదా అనుకున్నాం. పక్క మంచం ఆవిడకు జుట్టంతా ఊడిపోయి ఉంది. మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, నేను బత్తాయి ఒలుస్తుంటే అక్క నా చేయి పట్టుకుని, "ఏవే, నాకు తెలుసులే. మీరు భయపడతారని నేనే అడగలేదు" అంది. మమ్మల్ని ఓదార్చడానికి మూడు వారాలు ఒంటరిగా మోసింది. ఇన్నేళ్లయినా ఆ బత్తాయి వాసన వస్తే ఆ మాటే చెవిలో పడుతుంది.

పేపర్ చదివే మనిషి మీ అమ్మగారు. కీమో గదిలో కూర్చున్నాక ఎన్ని రోజులు తెలియకుండా ఉంటుంది? అక్కడ ఎవరో చెప్పే కంటే మీరు చెప్పడం మేలు. గురువారందాకా ఆగకుండా ముందే, ఇంట్లోనే చెప్పండి. టీవీ కట్టేసి, బంధువులు లేనప్పుడు, పక్కన కూర్చుని చెప్పండి. "అమ్మా, ఆ గడ్డ క్యాన్సరే. డాక్టర్లు ముందు మందులు ఇచ్చి తర్వాత తీసేస్తామన్నారు. ఇన్నాళ్లూ చెప్పలేక దాచాను." అంతకంటే పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ఏడిస్తే ఏడవనివ్వండి. "చచ్చిపోతానా" అని అడిగితే "ఆ మాట డాక్టరు గారినే ఇద్దరం కలిసి అడుగుదాం" అనండి. ట్రయల్ మాట ఆ రోజు ఎత్తొద్దు, మర్నాడు చెప్పండి. ఒక్క రోజులో రెండు బరువులు ఎత్తకూడదు. మీ వల్ల కాదనిపిస్తే డాక్టరు గారిని అడగండి, ఆసుపత్రిలో కౌన్సెలర్ ఉంటే ఆవిడ సాయం తీసుకోండి.

చేర్చాలా వద్దా అన్నారు. అది మీ అమ్మగారు తేల్చాల్సిందే అయినా, నా మనసులో మాట దాచను. మామూలు కీమో పూర్తిగా ఇస్తూ, దాని పైన కొత్త మందు చేర్చే ఫేజ్ 3 ట్రయల్ అయితే, రిజిస్ట్రీలో ఉండి, కమిటీ ఒప్పుకుని ఉంటే, నేను భయపడి పారిపోను. రాకపోకలు, అదనపు పరీక్షలు ఒళ్లు తట్టుకుంటుందా అన్నదే ఆలోచిస్తాను. మామూలు చికిత్స ఆపి, దాని బదులు కొత్తది ఇచ్చే ట్రయల్ అయితే మాత్రం ఇంకో క్యాన్సర్ డాక్టరుకు కాగితాలు చూపించకుండా అడుగు వేయను. మీ ఉత్తరాన్ని బట్టి మీది మొదటి రకంలా ఉంది. కాగితం చూశాకే ఖాయం చేసుకోండి.

గురువారమే సంతకం పెట్టాలని లేదు. ఫారం ఇంటికి తెచ్చుకుని, చదివి, బావగారితో కూడా మాట్లాడి చెప్పే హక్కు ఉంది. అయితే ఆలోచన పేరుతో కీమో వాయిదా పడకూడదు, ఎన్ని రోజులు ఆగొచ్చో డాక్టరునే అడగండి. సంతకం అయ్యాక ఒక కాపీ మీ చేతికి రావాలి. అడగందే ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

తెలుగు ఫారంలో అక్షరాలు చిన్నవిగా ఉంటాయి. అమ్మ కళ్లజోడు మర్చిపోకుండా సంచిలో పెట్టండి.